పీచు

మా నాన్న ఒంట్లో ఉన్న లివర్ వయసు ముప్ఫై ఆరేళ్ళు. నాన్న వయసు అరవై ఆరు. లెక్క తప్పేమీ కాదు, ఆ లివర్ నాది. 2012 జనవరిలో హైదరాబాదులో నా లివర్లో కుడివైపు ముక్క, ఇంచుమించు అరవై శాతం, కోసి ఆయనకి పెట్టారు. నాకు మిగిలిన ముక్క రెండు మూడు నెలల్లో పెరిగి దాదాపు పాత సైజుకొచ్చింది. ఆయనకి పెట్టింది కూడా అలాగే పెరిగింది. అంటే ఒకే లివర్ ఇప్పుడు రెండు ఒళ్ళలో ఉంది. అవే జన్యువులు, అదే వయసు, ఇరవై మూడేళ్ళు కలిసి తిన్న అదే తిండి. ఆపరేషన్ నాటికి తేడా రెండే రెండు. ఆ ఒంట్లో హెపటైటిస్ సి వైరస్ ఉంది, ఈ ఒంట్లో లేదు. ఆ ఒంట్లో పొద్దునా రాత్రీ టాక్రోలిమస్ పడుతుంది, ఈ ఒంట్లో పడదు.

మూడేళ్ళు తిరిగేసరికి నా దగ్గరున్నది నున్నగానే ఉంది. ఆయన దగ్గరున్నది ముదిరిన బెండకాయలా పీచు కట్టింది.

మన కథల్లోనూ సినిమాల్లోనూ ఆపరేషన్ థియేటర్ మీద ఎర్ర లైటు ఆరగానే కథ అయిపోతుంది. డాక్టరు బయటికొచ్చి మాస్కు తీస్తాడు, ఎవరో ఒకరు దణ్ణం పెడతారు. రోగుల గురించిన కథల మీద ఒకప్పుడు వ్యాసం రాద్దామని ఓ పాతిక ముప్ఫై కథలు పోగేశాను. మార్పిడి తర్వాత మందులు వాడుకుంటూ పదేళ్ళు బతికిన మనిషి ఒక్కడూ వాటిలో కనపడలేదు. ఆ వ్యాసం రాయలేదు. నా దగ్గరున్న కథే రాయకుండా పక్కవాళ్ళు రాయలేదని దెప్పడం బాగోదనిపించింది. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి అసలు కారణం వేరే. అది కింద వస్తుంది.

నాన్నకి వైరస్ ఎప్పుడు ఎక్కిందో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. మా అనుమానం 1986. గన్నవరం దగ్గర హైవే మీద, అప్పట్లో దాన్ని ఐదో నెంబరు రోడ్డనేవాళ్ళు, రాత్రిపూట ఎడ్లబండిని లారీ గుద్దింది. తొడ ఎముక విరిగి చాలా రక్తం పోతే విజయవాడ తీసుకెళ్ళి మూడు సీసాలు ఎక్కించారు. అప్పటికి ఆ వైరస్‌కి పేరు కూడా లేదు. రక్తం ఎక్కించాక కొందరికి కామెర్లొస్తున్నాయని డాక్టర్లకి తెలుసు, ఎ కాదు బి కాదు అని మాత్రం తెలుసు. అందుకే దాన్ని ‘నాన్ ఎ, నాన్ బి’ అనేవాళ్ళు. 1989లో అమెరికాలో దాన్ని పట్టుకుని సి అని పేరు పెట్టారు. మన దేశంలో రక్తదాతలందరికీ ఆ పరీక్ష తప్పనిసరి అయ్యేసరికి 2000 దాటింది. రక్తం కాకపోతే మా ఊరి ఆర్ఎంపీ గారి స్టీలు డబ్బా. అందులో గాజు సిరంజి, రెండు సూదులు. పొయ్యి మీద నీళ్ళలో ఓసారి మరగనిచ్చి ఊరంతటికీ అవే పొడిచేవాడాయన. ఇంజెక్షన్ వెయ్యకపోతే జనం డబ్బులిచ్చేవాళ్ళు కాదు. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా మనసొప్పదు, మా అమ్మకి పురుడు పోసుకోడానికి అర్ధరాత్రి బండి కట్టించింది ఆయనే.

పాతికేళ్ళు ఏమీ తెలియలేదు. 2011లో కాళ్ళ వాపు, పొట్టలో నీరు, ఓ రాత్రి రక్తం కక్కుకోవడం. సిరోసిస్ అన్నారు. ఊళ్ళో మొదటి మాట “తాగుతాడని తెలీదే!” మా నాన్న జీవితంలో కల్లు కూడా ముట్టలేదు. పెళ్ళిళ్ళలో దూరపు చుట్టాలు ఇప్పటికీ నన్ను పక్కకి పిలిచి “మానేశాడా మీ నాన్న?” అని అడుగుతారు. మానేశాడండీ అని చెప్పేస్తుంటాను. ఆ వైరస్‌ని కనిపెట్టినందుకు 2020లో ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. పేపర్లో ఆ వార్త చూసి ఆయన నాకు ఫోన్ చేసి, “ఒరేయ్, మన పురుక్కి నోబెల్ వచ్చిందిరా” అన్నాడు. ఆ పేపరు తీసుకుని ఊళ్ళో నలుగురికీ చూపించాడని తర్వాత అమ్మ చెప్పింది.

ఆపరేషన్‌కి డబ్బు కోసం రోడ్డు పక్కన ఎకరం అమ్మేశాం. 2014లో రాజధాని కబురు పుట్టగానే గన్నవరం చుట్టూ భూములు ఎక్కడికి పోయాయో అందరికీ తెలిసిందే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు.

నేను లివర్ ఇచ్చానని ఊరూరా శిబి చక్రవర్తినన్నారు. పావురం కోసం తొడ కోసిచ్చిన శిబి కథలో తూకం దగ్గర పేచీ ఉంది గానీ, ఇచ్చిన మాంసం ఏమైందన్న ప్రశ్న లేదు. మా ఇంట్లో ప్రశ్న అదే అయింది. కొత్త లివర్ పెట్టాక వైరస్ పోతుందని నేననుకున్నాను. పాత లివరే కదా దాని ఇల్లు, ఇల్లు తీసేశాం కదా. డాక్టరు గారు నవ్వి, అది రక్తంలో కూడా తిరుగుతుంటుంది, కొత్త లివర్‌కి రక్తం వదిలిన కొన్ని గంటల్లోనే అందులో చేరుతుందన్నారు. మార్పిడి నాటికి రక్తంలో వైరస్ ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ తిరిగి వస్తుందట. అప్పట్లో దానికి ముందుగా చేయగలిగింది పెద్దగా లేదు.

మామూలు మనిషిలో ఈ వైరస్ లివర్‌ని పాడుచేయడానికి ఇరవై ముప్ఫై ఏళ్ళు తీసుకుంటుంది. నాన్న సొంత లివర్ పాతికేళ్ళు ఓర్చుకుంది. మార్పిడి చేసిన లివర్లో ఆ పని చాలా త్వరగా జరుగుతుంది, వందలో ఇరవై ముప్ఫై మందికి ఐదేళ్ళలో మళ్ళీ సిరోసిస్. కారణాలు చాలా ఉన్నాయి గానీ పెద్దది ఆ మందులే. పరాయి అవయవాన్ని ఒళ్ళు శత్రువనుకుంటుంది. దాని మీద పడే టి కణాలు మేలుకోకుండా టాక్రోలిమస్ వాటి లోపల ఒక స్విచ్‌ని నొక్కి పట్టుకుంటుంది. వైరస్ మీద పడాల్సినవి కూడా ఆ టి కణాలే. కొడుకుని రానివ్వాలని కుక్కని కట్టేస్తే వాడి వెనకే దొంగా వచ్చాడు. కుక్కని విప్పితే ముందు కొడుకుని కరుస్తుంది.

పీచు గురించి. డాక్టర్లు ఫైబ్రోసిస్ అంటారు, పేపర్లలో ‘కాలేయంపై మచ్చలు’ అని రాస్తారు. మచ్చ అంటే పైపైన ఉండేదనిపిస్తుంది. ఇది లోపల అల్లుకునేది. లివర్లో నక్షత్రం ఆకారపు కణాలు కొన్ని ఉంటాయి, మామూలప్పుడు విటమిన్ ఎ దాచుకుని ఊరికే కూర్చుంటాయి. చుట్టూ కణాలు చచ్చిపోతుంటే అవి లేచి కొలాజెన్ పోగులు అల్లడం మొదలెడతాయి. గాయానికి అతుకు వెయ్యడమే వాటి ఉద్దేశం. గాయం ఆగకపోతే అల్లికా ఆగదు. మా ప్రోగ్రాముల్లో ఒక్కోసారి తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోడానికి పెట్టుకున్న లాగ్ ఫైలే పెరిగి పెరిగి డిస్కు నింపేసి సర్వర్‌ని పడగొడుతుంది. అలాంటిదే. ఎంత అల్లుకుందో చెప్పడానికి ఎఫ్ సున్నా నుంచి ఎఫ్ నాలుగు దాకా మెట్లు పెట్టారు. నాలుగంటే సిరోసిస్. నాన్నకి ఇదంతా చెప్తే ఆయన అమ్మ చేతిలోంచి బెండకాయ తీసుకుని కొన విరిచాడు. టప్పున విరిగింది. “ఇది నీది,” అన్నాడు. బుట్ట అడుగునుంచి ఇంకోటి తీశాడు. అది వంగింది గానీ విరగలేదు.

2013 మొదట్లో బయాప్సీలో ఎఫ్ ఒకటి అన్నారు. ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, రైబావిరిన్ మాత్రలు మొదలెట్టారు. ఆ రోజుల్లో ఉన్నవి అవే. మార్పిడి అయినవాళ్ళలో మూడోవంతు మందికైనా పనిచేస్తే గొప్ప, పైగా ఇంటర్‌ఫెరాన్ నిరోధక శక్తిని రెచ్చగొట్టి లివర్ మీదకి ఉసిగొల్పే ప్రమాదం ఉంది. వారం వారం ఇంజెక్షన్ పడ్డ రాత్రి చలిజ్వరం, రెండో రోజు ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకోవడం. హిమోగ్లోబిన్ ఏడుకి పడిపోయింది. పద్నాలుగో వారంలో ఆపేశారు.

ఆ తర్వాత నేను చదవడం మొదలెట్టాను. ఇంజనీరింగ్ చదివినవాడికి ఉండే జబ్బు ఒకటుంది, ఏ వ్యవస్థయినా వారం రోజులు చదివితే అర్థమైపోతుందని. ఆఫీసు నుంచొచ్చి రాత్రి రెండింటి దాకా పరిశోధనా వ్యాసాల సారాంశాలు చదివేవాణ్ణి. సారాంశాలే, పూర్తి వ్యాసం కావాలంటే డబ్బు కట్టాలి. సైక్లోస్పోరిన్ అనే పాత మందు వైరస్ పెరగకుండా ఆపుతుందని జపాన్‌లో 2003లో ప్రయోగశాల కణాల మీద చూపించారు. టాక్రోలిమస్ తీసేసి అదిస్తే? డాక్టరు గారు ఓపిగ్గా విన్నారు. పళ్ళెంలో కణాల మీద జరిగింది మనుషుల్లో తేలలేదు బాబూ, మార్చి చూసినవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు.

ఒక్కటి మాత్రం నాన్నకి బాగా నచ్చింది. ఈ మందులన్నీ మట్టిలోంచి వచ్చినవే. సైక్లోస్పోరిన్ ఇచ్చే బూజు నార్వేలో హర్డాంగర్‌విడ్డా పీఠభూమి మట్టిలో దొరికింది. టాక్రోలిమస్ ఇచ్చే సూక్ష్మజీవి 1984లో జపాన్‌లో త్సుకుబా మట్టిలో దొరికింది, మందు పేరులో ‘ట’ ఆ ఊరిదే. సిరోలిమస్ ఈస్టర్ దీవి మట్టిలోంచి వచ్చింది. దాన్ని వెలికితీసిన సురేన్ సెహగల్ మన దేశం నుంచి కెనడా వెళ్ళినాయన. కంపెనీ ఆ పని ఆపేస్తే ఆ సూక్ష్మజీవిని ఇంటికి తీసుకుపోయి ఫ్రిజ్‌లో దాచాడు. “మన మట్టి ఎవరన్నా చూశారా?” అని అడిగాడు నాన్న. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన లాబొరేటరీలో అరియోమైసిన్ కూడా ఇలా మట్టిలోంచే వచ్చిందని చెప్పాను. “అమెరికా మట్టి గదా. నేనడిగింది మనది,” అన్నాడు.

2014 సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు వరండాలో కూర్చుని క్యాలెండర్ కాగితం వెనక గీతలు గీసి ఆయనకి విడమరిచి చెప్పాను. నిరోధక శక్తిని ఎంత అణిస్తే వైరస్ అంత పెరుగుతుంది, వైరస్ ఎంత పెరిగితే పీచు అంత త్వరగా కడుతుంది. నేను చదివిన సారాంశాలన్నీ ఇంచుమించు అదే అన్నాయి. అబద్ధం కాదు. చెప్తున్నప్పుడు నాకు గొప్పగా కూడా ఉంది. నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మే నెలలో కళ్ళు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు ఆకాశంలో ఉన్నాయి. ఇక్కడొక చిక్కుంది, దాని గురించి నేను చదివిన వాటిలో ఎక్కడా అంత స్పష్టంగా లేదు. ఒళ్ళు లివర్‌ని తోసేస్తున్నా, వైరస్ దాన్ని తింటున్నా, సూదితో తీసిన ముక్కలో కనపడేది దాదాపు ఒకటే, లివర్ కణాల మధ్య దారుల్లో గుంపులు కట్టిన తెల్లరక్త కణాలు. మొదటిదైతే మందులు పెంచాలి. రెండోదైతే తగ్గించాలి. పొరబడితే ఏ వైద్యమైతే చేశామో అదే చంపుతుంది. టాక్రోలిమస్ రక్తంలో 5 నుంచి 8 మధ్య ఉండాల్సింది 1.8 వచ్చింది. మందులు వేసుకుంటున్నారా అని డాక్టరు గారు అడిగారు. “రోజూ వేసుకుంటున్నానండీ,” అన్నాడు నాన్న ఆయన కళ్ళలోకి చూస్తూ. ల్యాబు తప్పేమోనని మళ్ళీ పంపారు. రెండు రోజులు పోయాయి.

అమ్మ ఇంటి దగ్గర్నుంచి ఫోన్ చేసింది. దేవుడి గూట్లో విభూతి డబ్బా వెనక ఇంకో స్టీలు డబ్బా. అందులో టాక్రోలిమస్ క్యాప్సూల్స్, నాలుగు నెలలవి. ఖరీదైన మందని పారెయ్యలేకపోయాడు. రాత్రిది మానేసి పొద్దుటిది మాత్రమే వేసుకున్నాడట. మధ్యలో టెస్టు వచ్చినప్పుడు, వారం ముందు నుంచీ రెండు పూటలా వేసుకున్నాడు, ఆఫీసరు తనిఖీకొస్తున్నాడంటే గట్లు చెక్కి పెట్టినట్టు.

“ఎందుకిలా చేశావు నాన్నా?”

“నువ్వేగదరా చెప్పింది. యూరియా ఎక్కువైతే దోమపోటొస్తది, తగ్గిస్తే తగ్గుద్ది. నీ ముక్క నా ఒంట్లో పాడైపోతంటే ఊరికే చూస్తా కూర్చోమంటావా?”

పుస్తకం చదవకుండా సమీక్ష చదివి మాట్లాడేవాళ్ళని నేను చాలాసార్లు ఎద్దేవా చేశాను, ఇలాంటి పత్రికల్లోనే. ఆ సారాంశాల వెనక పూర్తి వ్యాసాలు తర్వాత సంపాదించి చదివాను. వాటిలో ముఖ్యంగా వేలెత్తి చూపింది రోజువారీ మందుని కాదు. లివర్‌ని ఒళ్ళు తోసేసినప్పుడు దాన్ని ఆపడానికి ఒక్కసారిగా దింపే పెద్ద మోతాదు స్టెరాయిడ్లని. అంటే మందు తగ్గిస్తే తిరస్కారం వస్తుంది, తిరస్కారం వస్తే ఆ స్టెరాయిడ్లు తప్పవు, అవి పడితే వైరస్ పదింతలు, వందింతలు అవుతుంది. క్యాలెండర్ కాగితం మీద నేను గీసింది ఆ బొమ్మలో సగం. రెండో సగం అప్పటికి నాకూ తెలియదు.

రోజుకో గ్రాము చొప్పున మూడు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. లివర్ నిలబడింది. లక్షల్లో ఉన్న వైరస్ కోట్లలోకి వెళ్ళింది. 2015 జనవరిలో లివర్ బిరుసు కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 14 కిలోపాస్కల్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఐదూ ఆ చుట్టుపక్కల ఉంటుంది. బయాప్సీలో ఎఫ్ మూడు. నేనిచ్చి అప్పటికి మూడేళ్ళు. ఆయన సొంత లివర్ ఆ మెట్టు దాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టి ఉంటుందో నేను లెక్కేసుకోకుండా ఉండలేకపోయాను.

అమెరికాలో సోఫోస్బువిర్ అప్పటికే వచ్చి ఏడాది దాటింది. మాత్ర వెయ్యి డాలర్లు, పన్నెండు వారాలకి 84,000 డాలర్లు. 2014 సెప్టెంబరులో గిలియడ్ కంపెనీ మన దేశంలో కొన్ని కంపెనీలకి తయారీ లైసెన్సులిచ్చింది, హైదరాబాదు హెటిరో వాటిలో ఒకటి. పేటెంటు మీద అభ్యంతరం వేసిన నాట్కో కూడా 2015 మార్చిలో చేరింది. ఆ నెలలోనే బజారులోకి వచ్చింది, 28 మాత్రల సీసా ఇరవై వేల రూపాయలు కాస్త అటూఇటూగా. రైబావిరిన్‌తో కలిపి ఆరు నెలలు వాడాలి. మార్పిడి అయినవాళ్ళ మీద చేసిన ఒక చిన్న అధ్యయనంలో 40 మందిలో 28 మందికి వైరస్ పూర్తిగా పోయింది. ఈసారి సారాంశం కాదు, వ్యాసం మొత్తం చదివాను. ఆ మిగతా పన్నెండు మంది గురించి నాన్నకి ముందే చెప్పాను. టాక్రోలిమస్‌తో ఈ మందుకి పెద్దగా పేచీ లేదని కూడా చెప్పి, ఒక్క పూట మానినా ఊరుకోనన్నాను. “రాసియ్యి,” అన్నాడు. ఏ పూట ఏది వేసుకోవాలో క్యాలెండర్ ముందువైపునే రాసిచ్చాను.

నాలుగో వారానికే రక్తంలో వైరస్ కనపడలేదు. మందు ఆపిన మూడు నెలలకి కూడా కనపడలేదు. పోయినట్టే అన్నారు. ఇప్పుడు అవే కోవ మందులు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. మార్పిడి దాకా రాకముందే, లేదా అయిన వెంటనే ఇచ్చేస్తారు. మాది ఒక నాలుగేళ్ళ సందులో పడిపోయిన కథ, అంతే. ఆ సందులో పడి తేలనివాళ్ళతో ఆసుపత్రి వరండాల్లో పక్క కుర్చీల్లో కూర్చున్నాం. కొందరి నెంబర్లు ఇంకా నా ఫోన్‌లో ఉన్నాయి.

వైరస్ పోయాక ఒక విచిత్రం జరిగింది. లివర్ కోలుకుని చురుగ్గా పనిచేయడం మొదలెట్టి టాక్రోలిమస్‌ని తొందరగా కరిగించేస్తోంది, అందుకని మోతాదు పెంచాల్సొచ్చింది. డాక్టరు గారు పెంచుతున్నానని చెప్తే నాన్న నా వైపు చూశాడు. నేను తలూపాక గానీ చీటీ తీసుకోలేదు. ఆ స్టీలు డబ్బా ఇప్పటికీ ఉంది. అందులో అమ్మ లవంగాలు పోస్తుంది.

పీచు ఒకసారి కట్టాక పోదని చాలాకాలం అనుకునేవాళ్ళు. గాయం ఆగితే కొంత కరుగుతుందని ఇప్పుడు తెలుసు, నెమ్మదిగా, అందరికీ ఒకేలా కాదు. 2018లో 9 వచ్చింది. మొన్న వేసవిలో ఏడాది పరీక్షలకి వెళ్ళినప్పుడు నేను కూడా చేయించుకున్నాను, దాతలు కూడా అప్పుడప్పుడూ చూపించుకోవాలి గదా. ఒక గదిలోనే, ఒకరి తర్వాత ఒకరం. చొక్కా పైకెత్తుకుని కుడిచేయి తలకింద పెట్టుకుని పడుకోవాలి. పక్కటెముకల మధ్య ఏదో వేలితో టక్కుటక్కున కొట్టినట్టుంటుంది, పది సార్లు. ఇద్దరికీ కుట్ల గీత ఒకేచోట మలుపు తిరుగుతుంది. టెక్నీషియన్ అమ్మాయి రెండు కాగితాలూ ఒకేసారి తెచ్చి మీది మీదే అని చేతికిచ్చింది.

నాన్నది 7.2. ఆయన దాన్ని చూడనేలేదు.

“నీదెంతొచ్చిందిరా?” అన్నాడు.

“నాలుగున్నర.”

ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అంకె మీద వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాడు. తర్వాత రెండు కాగితాలూ కలిపి మడిచి జేబులో పెట్టుకుని, ఎనిమిదవుతోంది, మాత్ర వేసుకోవాలి, నీళ్ళ సీసా ఇవ్వమన్నాడు.